ఉండువారి సన్నాహము

ఆషాఢమాసము వచ్చినదనిన కొత్తకోడండ్రు పుట్టిండ్లకు వచ్చు కాలమని మన పెద్ద లెఱుగుదురు. ఇప్పు డా మాసములోనే ఆడపిల్లలు పుట్టిండ్లు విడిచి విమానము లెక్కుచున్నారు. అమెరికాలోని విశ్వవిద్యాలయములు ఆగస్టులో తెఱచుకొనును గనుక, ఆషాఢ శ్రావణములు వచ్చుసరికి కోనసీమ పల్లెలలో పెట్టెలు సర్దు సందడి మొదలగును. ఈ సందడిలో సోదరీమణు లెవ్వరును తీరికగా కూర్చుండి ఆలోచింపని విషయ మొకటి కలదు. ఈ మాసము దానిని గూర్చి రెండు మాటలు చెప్పదలచినాము.

మొన్న మేము కాట్రేనికోనలో ఒక యింటికి పోయితిమి. ఆ యింటి పిల్ల మాకు దూరపు వరుసకు కూతురగును. ఇంజనీరింగు ముగించి పై చదువునకు అమెరికా పోవుచున్నది. వసారాలో రెండు పెద్ద పెట్టెలు, నడుమ ఒక కాటా. ఒక్కొక్క పెట్టె 23 కిలోలకు మించరాదట. తల్లి ఆవకాయను నూనె కారకుండ మూడు సంచులలో చుట్టి తూచుచుండెను. ఒక ప్రక్క ఆత్రేయపురపు పూతరేకులు, మామిడితాండ్ర. మఱియొక ప్రక్క కారము, పసుపు, చారుపొడి. మమ్ము చూడగనే ఆమె యడిగిన తొలి ప్రశ్న యిది: "అక్కయ్యగారూ, కురిడీలు పెట్టొద్దంటున్నారండి, నిజమేనా?"

నిజమే. ఎండుకొబ్బరిలో నూనె యెక్కువ గనుక వేడికి రాజుకొను ప్రమాదము కలదని విమానములవారు దానిని పెట్టెలలో నొప్పుకొనరు. మా మాట విని ఆమె కురిడీలను ఒక్కటొక్కటిగా బయటికి తీసెను. ఆ పిల్ల చదువునకు కావలసిన సొమ్ములో పెద్ద పాలు ఆ తోటమీదనే పుట్టినది. ఆ తోట కాయ మాత్రము పిల్లతో పోవుటకు వీలులేకపోయెను.

మాటలలో ఆ తల్లి వీసా ముచ్చట చెప్పెను. నెల దినములు ఆ పిల్ల అద్దము ముందు నిలిచి, అధికారి యడుగబోవు ప్రశ్నలకు జవాబులు వల్లించినదట. "చదువవగానే వచ్చేస్తానని ఇంగ్లీషులో ఎన్నిసార్లు అందో నండి! వినీ వినీ ఆ ముక్క నాకూ వచ్చేసింది. రెండేళ్లే గదా, రెప్పపాటులో అయిపోతాయి" అని ఆమె నవ్వెను. ఆ సమయముననే వీధి యరుగుమీద తండ్రి పొరుగువారితో, "ఇంక దానికి బెంగలేదండి, అక్కడే స్థిరపడిపోతుంది" అనుచుండెను. ఒకే యింటిలో ఒకే పిల్లను గూర్చి పలికిన ఈ రెండు మాటలును మా చెవుల బడెను. ఆ యిరువురును ఒకరి మాట నొకరు వినుచున్నట్లు మాకు తోచలేదు.

చదువుటకు పోవుట వేఱు, స్థిరపడుటకు పోవుట వేఱు. రెండును తప్పు కాదు. కాని యే పనిమీద పోవుచున్నారో ఇంటిలోనివా రందఱును ఎఱిగి పంపవలెను. పోవువారి సన్నాహమునకు పట్టికలు కలవు: పాస్‌పోర్టు, మార్కుల పత్రములు, ఇంగ్లీషు పరీక్ష, విశ్వవిద్యాలయము పంపు ఐ–20 పత్రము, బ్యాంకు కాగితములు, వీసా, టికెట్టు. ఇవి చెప్పుటకు అమలాపురములోను, కాకినాడలోను, హైదరాబాదులోను కావలసినంతమంది యున్నారు. ఇంట ఉండువారి సన్నాహమునకు మాత్రము పట్టిక వ్రాసినవారు మాకు కనబడలేదు.

సముద్రము దాటిపోవుట మన ప్రాంతమునకు కొత్త కాదు. కాట్రేనికోన వృద్ధగౌతమి పాయ దగ్గఱ నున్న యూరు. గౌతమి కావలి గట్టున కోరంగి యున్నది. ఒకప్పు డది గొప్ప ఓడరేవు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవును నాశనము చేసెను. అయినను ఈ తీరపు జనులు ఓడలెక్కుట మానలేదు. బర్మాకు కూలికి పోయిన తెలుగువారి నందఱిని అచ్చటివారు కోరంగీలని పిలుచుటకు ఈ రేవే కారణము. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను పట్టణములో సగమునకు పైగా భారతీయులే యుండిరి. వారిలో రేవులో మూటలు మోసినవారును, బియ్యపు మరలలో పనిచేసినవారును అగు తెలుగువారు పెక్కుమంది. అక్కడనే కాపురములు పెట్టి, పిల్లలను గని, ఇక మా ఊరిదే యనుకొన్నవారు వారిలో నెందఱో. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942లో లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకను స్వదేశమునకు మరలిరి. దారిలో చనిపోయినవారికి లెక్కలేదు. స్థిరపడితిమనుకొన్న చోటు స్థిరము కాకపోవచ్చునని ఆ తరమువారికి ఎవరును చెప్పనక్కఱలేదు. విశాఖపట్టణములోని బర్మాక్యాంపు పేరు నేటికిని బర్మానుండి మరలినవారి కథను చెప్పుచున్నది.

ఆ బర్మా సొమ్మే మన పిల్లల విదేశవిద్యకును మూలమైనది. కోరంగి ప్రాంతమున పుట్టిన మల్లాడి సత్యలింగ నాయకరుగారు రంగూనులో వ్యాపారము చేసి ధనము గడించి, దానిని ధర్మకార్యములకు వ్రాసి యిచ్చిరి. కాకినాడ జగన్నాథపురములోని ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ ఆ వీలునామా ఫలము. ఆ సంస్థ సాయముతో అమెరికా చదువునకు పోయినవారిలో భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును కొంత సొమ్ము సమకూర్చిరి. 1919లో వివాహమాడిన భార్య శేషగిరమ్మగారిని పుట్టినింట విడిచి, ఆయన బోస్టను నగరము చేరి హార్వర్డులో ఉష్ణదేశవ్యాధుల విద్య నభ్యసించిరి. అక్కడనే పరిశోధనలో మునిగి, 1940లో లెడర్లే ప్రయోగశాలకు మారిరి. ఫోలికామ్లపు తయారీ, క్యాన్సరు మందులకు త్రోవ తీసిన పరిశోధన, బోదకాలునకు వాడు డైఇథైల్ కార్బమజీను మందు ఆయన పర్యవేక్షణలో జరిగిన పనులే. 1948 ఆగస్టులో ఆయన అక్కడనే కన్నుమూసిరి. మరల స్వదేశము చూడలేదు. శేషగిరమ్మగారు మరల భర్తను చూడలేదు.

ఈ గోదావరి మండలములలో బోదకాలు ఎంతటి పీడయో మన యమ్మమ్మ లెఱుగుదురు. ఇంటింటికి వచ్చి ఆరోగ్యకార్యకర్తలు మ్రింగించిన ఆ చిన్న బిళ్ల సుబ్బారావుగారి ప్రయోగశాలనుండి వచ్చినదే. ఆయన రాలేదు గాని ఆయన మందు మన యూళ్లకు వచ్చినది. లోకమునకు జరిగిన మేలును కాదనలేము. ఆ మేలు ఖరీదులో కొంత తెలుగునాట ఒక యింటిలో ఒక స్త్రీ చెల్లించెను. ఆమెను ముందుగా అడిగినవా రున్నట్లు మేమెక్కడను చదువలేదు.

ఇక రెండవ కథ. 2022లో ఏర్పడిన మన కోనసీమ జిల్లా అదే సంవత్సరము డాక్టరు బి.ఆర్. అంబేద్కరుగారి పేరు దాల్చినది. ఆయనయు సముద్రము దాటి చదివినవారే. 1913లో బరోడా సంస్థానపు విద్యార్థివేతనముతో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోయిరి. తిరిగివచ్చి సంస్థానమునకు పదేండ్లు కొలువు చేయవలెనను ఒడంబడిక పోవుటకు ముందే వ్రాసికొనబడెను. 1916లో లండనుకు పోయి, వేతనపు గడువు తీరుటచే 1917లో మరలి, 1920లో మరల లండను చేరి, 1923లో పట్టములతో వచ్చిరి. ఇన్నాళ్లును భార్య రమాబాయిగారు బొంబాయిలో పేదరికముతో సంసార మీడ్చిరి. ఐదుగురు బిడ్డలలో ఒక్కడే దక్కెను. 1935లో ఆమె మరణించిన పిదప ఆయన తన గ్రంథ మొకటి ఆమెకు అంకిత మిచ్చిరి.

ఇద్దఱు మహానుభావులు, ఎదురుచూచిన ఇద్దఱు ఇల్లాండ్రు. ఒకరు వచ్చిరి, ఒకరు రాలేదు. రానివారు తప్పు చేసిరని గాని, వచ్చినవారి యింట కష్టము లేదని గాని మేము చెప్పుట లేదు. ఒకరి విషయములో మరలివచ్చుట అను మాట కాగితముమీద స్పష్టముగా నుండెను. రెండవవారి విషయములో అది కాలమునకు విడువబడెను. నేటి మన యిండ్లలో నూటికి తొంబది యిండ్లు ఈ రెండవ త్రోవనే పట్టుచున్నవని మాకు తోచుచున్నది.

కోనసీమనుండి కువైటు, మస్కటు, దుబాయి మొదలగు చోట్లకు ఇంటిపనికి పోవు స్త్రీ లెందఱో కలరు. వారి కష్టములు వేఱుగా వ్రాయదగినవి. అయినను ఒక్క విషయములో వారికి స్పష్టత యెక్కువ. ఆ దేశములలో పరాయివారికి శాశ్వతముగా చోటుండదని వారికి తెలియును. కాబట్టి అక్కడ కూలి చేసి ఇక్కడ ఇల్లు కట్టుకొనెదరు. చదువునకు పోవు పిల్ల యే చోట ఇల్లు కట్టుకొనునో ఆ పిల్లకే తెలియదు, కన్నవారికి అంతకన్న తెలియదు.

చిత్ర మేమనిన, ఇంటివా రడుగని ప్రశ్నను పరదేశపు చట్టము అడుగుచున్నది. అమెరికాకు ఎఫ్–1 అను విద్యార్థి వీసా కోరువారు చదువు ముగిసిన పిదప స్వదేశమునకు మరలు ఉద్దేశము గలవారని అధికారికి నమ్మకము కలుగవలెను. అందుకే మన పిల్ల అద్దము ముందు ఆ వాక్యము వల్లించినది. అధికారి ముందు అసత్యము పలుకుట ఎన్నటికిని మంచిది కాదు. అది బయటపడినచో ముందు ముందు అన్ని ద్వారములును మూసికొనును. ఆ పిల్ల అసత్య మాడినదని మేమనము. ఇరువదిరెండేండ్ల పిల్లకు ఆ దినమున ఆ మాట సత్యమే కావచ్చును. కాని తల్లి దానిని మాటగా గాక బాసగా తీసికొన్నది. బాధ అక్కడ మొదలగును.

స్థిరపడుట యనగా నేమో ఒకసారి లెక్క వేసి చూతము. 2025 నాటి నిబంధనల ప్రకారము చెప్పుచున్నాము. చదువు రెండేండ్లు. పిదప పనినేర్చుకొనుటకు ఒక యేడు, సైన్సు ఇంజనీరింగు చదివినవారికి మఱి రెండేండ్లు. ఆ లోపల హెచ్–1బి ఉద్యోగవీసా చీటీలో పేరు రావలెను. సంవత్సరమునకు దొరకునవి 85,000 మాత్రమే. 2025 సెప్టెంబరులో విదేశములనుండి రప్పించుకొను కొత్తవారి విషయమున లక్ష డాలర్ల రుసుము కూడ ఆ దేశాధ్యక్షుడు ప్రకటించెను. పేరు రానిచో మరలి రావలసినదే. వచ్చినచో యజమాని స్థిరనివాసమునకు దరఖాస్తు పెట్టవలెను. ఉద్యోగముల పద్దులో ఏటికి రమారమి 1,40,000 మందికి ఆ హక్కు నిత్తురు. ఏ యొక దేశమువారికిని అందులో నూటికి 7 మించరాదు. మన దేశమునుండి కోరువారు లక్షలలో నున్నారు గనుక ఆ వరుస పదేండ్లకు పైబడినది. అది దొరకిన ఐదేండ్లకు పౌరసత్వము కోరవచ్చును. పౌరురాలైన పిదపగాని తల్లిదండ్రులను శాశ్వతముగా తెచ్చుకొనుటకు దరఖాస్తు పెట్టరాదు.

కూడి చూడుడు. ఇరువదిరెండేండ్ల పిల్ల, అంతయు అనుకూలించినచో, నలుబదినాలుగేండ్లకు ఆ స్థితికి వచ్చును. నేడు నలుబదియైదేండ్లున్న తల్లి అప్పటికి అరువదియేడేండ్లది యగును. రెప్పపాటులో గడచునని ఆమె యనుకొన్న రెండేండ్లు ఇరువదిరెండేండ్లు కాగలవు. నడుమ రాకపోకలు లేకపోలేదు. చూడవచ్చువారి వీసాతో ఒక్కొక్కసారి ఆఱు మాసములు పోయి యుండవచ్చును. కాని మోకాళ్లు సహకరించు వయసున పోయినప్పటి ఉత్సాహము ముదిమిలో ఉండదు.

ఇతర దేశములలో త్రోవ తిన్ననిదని చెప్పువా రున్నారు. అక్కడను గట్లు మారుచునే యున్నవి. కెనడావారు విద్యార్థి చూపవలసిన జీవనపు సొమ్మును 2024 జనవరి 1న 10,000 డాలర్లనుండి 20,635కు, 2025 సెప్టెంబరు 1న 22,895కు పెంచిరి. విద్యార్థుల సంఖ్యకును 2024లో హద్దు పెట్టిరి. ఆస్ట్రేలియావారు 2024 మే నెలలో ఆ సొమ్మును 29,710 ఆస్ట్రేలియా డాలర్లు చేసిరి. ఇంగ్లండులో 2024 జనవరినుండి మాస్టర్సు తరగతులు చదువుటకు వచ్చువారిలో చాలమంది భార్యను గాని భర్తను గాని వెంట తెచ్చుకొనుటకు వీలు లేకపోయెను. పెద్దకూతురు పోయిననాటి నియమము చిన్నకూతురు పోవునాటికి ఉండునని యే తల్లియు నమ్మరాదు.

ఇక తోట మాట. ఇదియే మన స్త్రీలకు ఎక్కువగా తగులు విషయము. కోనసీమలో సొమ్మనిన కొబ్బరితోట. రెండేసి మాసముల కొక దింపు, అంబాజీపేటలో నాటి ధర, ఇంటి ఖర్చు, పిల్లల చదువు, అన్నియు ఆ లెక్కలోనివే. చదువునకు ఇరువది లక్షలు కావలసివచ్చినప్పుడు ఈ తోట బ్యాంకువారికి తగిన పూచీగా తోచదు. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టము వ్యవసాయభూమికి వర్తింపదు. అప్పు తీరనిచో కోర్టునకు పోకుండ స్వాధీనపఱచుకొనుటకు వీలుండదు. కాబట్టి బ్యాంకులు సాధారణముగా పట్టణములోని యిల్లు చూపుమందురు. అది లేనివారు తోటను ప్రైవేటుగా తాకట్టు పెట్టుదురు, లేదా అమ్ముదురు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ యనిన మన యూళ్లలో చిన్న మాటగా వినబడును. ఇరువది లక్షలకు అది నెలకు 40,000 రూపాయలు. బ్యాంకులో ఏటికి నూటికి పదకొండు చొప్పున వేసికొన్నను నెలకు 18,000 దాటును. పిల్ల చదువుచున్న రెండేండ్లు ఈ వడ్డీ ఎచ్చటనుండి వచ్చునో తండ్రి చెప్పడు, తల్లి అడుగదు. మెడలోని గొలుసు మాత్రము కొన్నాళ్లకు కనబడదు.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపానును కాట్రేనికోనవారు మఱువలేరు. వేయిమందికి పైగా ప్రాణములు పోయెను. కోనసీమలో లక్షలకొలది కొబ్బరిచెట్లు కూలెను. నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఆఱేడు సంవత్సరములు పట్టును గనుక, ఆ నడుమ ఎన్ని యిండ్లు ఎట్లు గడిచినవో ఆ యింటి స్త్రీలే చెప్పవలెను. పోయిన తోట తిరిగివచ్చుటకు ఎంతకాలము పట్టునో ఎఱిగినవారు అప్పును గూర్చియు అట్లే ఆలోచింపవలెను గదా!

ఇందులో మఱియొక మెలిక కలదు. స్థిరపడిన పిల్ల ఇతర దేశపు పౌరసత్వము పుచ్చుకొన్నచో, 1955 నాటి పౌరసత్వ చట్టము ప్రకారము భారత పౌరసత్వము పోవును. రెండు దేశముల పౌరసత్వము మన చట్ట మొప్పదు. ఓ.సి.ఐ. అను కార్డు దొరకును. దానితో వచ్చిపోవుటకు అడ్డులేదు, ఓటు మాత్రముండదు. ఆ కార్డు గలవారు గాని, విదేశములలో నుండు భారతీయులు గాని వ్యవసాయభూమిని, తోటను కొనరాదు. పెద్దలనుండి వారసత్వముగా పొందవచ్చును. అమ్మదలచినచో ఇక్కడ నుండు భారతీయులకే అమ్మవలెను. అనగా చదువుకొఱకు అమ్మిన తోటను, పిల్ల రేపు ఎన్ని డాలర్లు గడించినను, తన పేర తిరిగి కొనలేదు. అమ్మకుండ నిలుపుకొన్న తోట మాత్రము ఆమెకు వచ్చును. ఆడపిల్లకు ఉమ్మడి యాస్తిలో వాటా 1986లో మన రాష్ట్రమును, 2005లో దేశమంతయు చట్టముచే నొప్పుకొన్నవి. "కూతురు స్థిరపడినది, ఇక ఆమెకు వాటా యెందుకు?" అను మాట అప్పుడే కొన్ని యిండ్లలో వినబడుచున్నది. దూరమున నున్నదని హక్కు తఱిగిపోదు.

కాబట్టి ఉండువారి పట్టిక నొకదానిని మాకు తోచినట్లు ఇక్కడ వ్రాయుచున్నాము.

మొదటిది, మాట. పెట్టెలు సర్దుటకు ముందే ఒక సాయంకాలము అందఱును కూర్చుండవలెను. "చదివి వత్తువా, ఉందువా, నీకే తెలియదా?" అని పిల్ల నడుగవలెను. తెలియదనుటయు జవాబే. తెలియదని తెలిసిన తల్లి ఒక విధముగా ఎదురుచూచును. వచ్చునని నమ్మిన తల్లి మఱియొక విధముగా ఎదురుచూచును.

రెండవది, అప్పు. ఎంత, ఎవరియొద్ద, ఏ వడ్డీకి, ఎవరి సంతకముతో తెచ్చినారో ఒక కాగితముమీద వ్రాసి, ఒక ప్రతి తల్లి చేతిలో నుంచవలెను. పిల్లకు ఉద్యోగము ఆలస్యమైనచో ఏమి చేయవలెనో కూడ అందులో నుండవలెను. తల్లి పేరనున్న భూమి యైనచో, చదివించి వినకుండ ఆమె సంతకము పెట్టరాదు.

మూడవది, పత్రములు. పట్టాదారు పాసుపుస్తకము, ఇంటి దస్తావేజులు, బ్యాంకు పుస్తకము ఎక్కడ నున్నవో ఇల్లాలికి తెలియవలెను. బ్యాంకు ఖాతాలో ఆమె పేరును కలుపవలెను. పిల్లకు వాటాగల ఆస్తిలో ముందు ముందు లావాదేవీ వచ్చినచో, అధికారపత్రము అక్కడి మన రాయబార కార్యాలయములో ధ్రువపఱచి పంపవలసి యుండును. ఆ పద్ధతి ముందుగనే తెలిసికొనుట మేలు.

నాల్గవది, పెద్దలు. మామగారికి రాత్రివేళ ఆయాసము వచ్చినచో అమలాపురము తీసికొనిపోవువా రెవరు? తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు అత్తగారిని సురక్షితమైన చోటికి చేర్చువా రెవరు? వీడియోలో పిల్ల ముఖము కనబడును గాని మంచము పట్టుటకు చేయి రాదు. ఆ చేతులు ఎవరివో పేరు పేరున అనుకొని, వారికి ముందుగా చెప్పియుంచవలెను.

ఐదవది, పెండ్లి. చదువునకు పంపి, రెండవ యేటనే సంబంధములు చూచి తొందరపెట్టుట తగదు. అట్లే అక్కడ స్థిరపడిన వరుడని విని పిల్ల చదువును మధ్యలో ఆపి పంపుటయు తగదు. భర్త ఉద్యోగవీసాపై ఆధారపడి పోయిన భార్యకు అమెరికాలో పనిచేయు హక్కు వెంటనే రాదు. భర్త స్థిరనివాసపు దరఖాస్తు ఒక దశకు వచ్చినప్పుడే భార్యకు అనుమతి దొరకునట్లు 2015లో నియమము చేసిరి. పట్టములు పుచ్చుకొని ఏండ్లకొలది ఇంట కూర్చుండిన తెలుగు ఆడపడుచులు అక్కడ నెందఱో కలరు. వరుని జీతముతోపాటు ఈ విషయమును కూడ అడుగుడు.

ఆఱవది అన్నిటికంటె ముఖ్యమైనది. మరలివచ్చుటకు టికెట్టు సొమ్ము వేఱుగా తీసి యుంచుడు. దానిని ఎంత యవసరమైనను ముట్టకుడు. పిల్లతో తల్లియే చెప్పవలెను: "నీకు అక్కడ పొసగనిచో ఏ దినమైనను రమ్ము. ఓడి వచ్చితివని ఈ యింట ఎవరు ననరు." తోట తాకట్టున నున్నదని తెలిసిన పిల్ల కష్టము వచ్చినను చెప్పదు. ఆకలిగా నున్నను తిన్నాననును, జ్వరముతో నున్నను పనికి పోయినాననును. అప్పు భారముకంటె ఆ మౌనము బరువైనది. ఆ మౌనమును ఇక్కడ నుండగనే తెంపవలెను.

సోదరీమణులారా! పిల్లలను పంపవలదని మేము చెప్పుట లేదు. మేమును పంపినవారమే. ఆడపిల్ల సముద్రము దాటి చదువుట మన తాతలకు ఊహకైనను రాని భాగ్యము. ఆ భాగ్యమునకు తగిన వెల ఎంతయో ఎఱిగి, ఇష్టపడి ఇచ్చినచో తల్లికి గౌరవము, పిల్లకు ధైర్యము. ఎఱుగక ఇచ్చినచో ఏండ్లు గడిచినకొలది అది మనస్పర్థగా మారును. "రెండేండ్లన్నావు గదా" అని తల్లియు, "నాన్న స్థిరపడమన్నారు గదా" అని కూతురును ఫోనులో పోట్లాడుకొనుట మేము విన్నాము.

ఆ దినమున కాట్రేనికోనలో మేము తండ్రిని కూడ లోపలికి పిలిచి, మా మనసులోని మాట చెప్పితిమి. కొంతసేపు ఎవరును పలుకలేదు. పిల్ల కాటావైపు చూచుచు, "నాకు నిజంగా తెలియదమ్మా" అనెను. తల్లి కండ్లు తుడుచుకొనలేదు, కోపపడలేదు. లేచిపోయి దింపుల లెక్కలు వ్రాయు పుస్తకము తెచ్చి, భర్త చేతి కిచ్చి, "అప్పు మొదలు అన్నీ ఇందులో రాయండి, నేనూ చూస్తాను" అనెను. ఆయన ఒక్క క్షణము తటపటాయించి వ్రాయుట మొదలుపెట్టెను. మేము బయలుదేరునప్పటికి పుట రెండు ప్రక్కలును నిండినది.

పిల్ల క్షేమముగా చేరినట్లు పదిదినముల పిమ్మట కబురు తెలిసినది. ఆ తల్లి తన పాస్‌పోర్టునకు దరఖాస్తు పెట్టినదట. ఆ సంగతి ఆమెయే మాకు ఫోనుచేసి చెప్పెను. ఈ ఆషాఢమున పిల్లలను పంపు తల్లులందఱును పెట్టెలు తూచుటకు ముందు ఆ పుస్తక మొకటి తెఱువవలెనని మా విన్నపము.